ఏమీ జరగని సినిమాల్లో ఏం జరుగుతుందంటే

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. ప్రపంచ సినిమాల్లో నాకు బాగా ఇష్టమైనవి ఏవి అన్నది మొదటిది. ఎక్కడో దొరికిన గొప్ప సినిమాల లిస్టు పట్టుకుని కూర్చుంటే ఇరవై నిమిషాలకే నిద్ర ముంచుకొచ్చిందని, "అసలేమీ జరగట్లేదు, ఇవి మీకు నిజంగానే నచ్చుతాయా, నచ్చినట్టు నటిస్తారా" అని అడిగారే, అది రెండోది. అసలు ప్రశ్న రెండోదే కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను.

నటిస్తాం. అందరూ కాకపోవచ్చు, అన్నిసార్లూ కాకపోవచ్చు. నేను మాత్రం నటించాను. ఎనభైల్లో గోదావరి ఒడ్డున ఉన్న మా ఊళ్లో కొందరు మిత్రులం కలిసి ఫిల్మ్ సొసైటీ నడిపేవాళ్లం. పుణె ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి 16 ఎంఎం ప్రింట్లు రేకు డబ్బాల్లో రైలు పార్సిల్‌లో వచ్చేవి. స్టేషన్‌కి వెళ్లి డబ్బాలు విడిపించుకుని, రిక్షాలో వేసుకుని, లైబ్రరీ హాల్లో కిటికీలకు నల్లగుడ్డలు కట్టి వేసేవాళ్లం. ఓసారి తూర్పు యూరప్ సినిమా ఒకటి వచ్చింది. సబ్‌టైటిల్స్ లేవు. కంగారులో మూడో రీలు ముందు, రెండో రీలు తర్వాత వేసేశాం. మూడో రీల్లో చచ్చిపోయిన మనిషి రెండో రీల్లో కూర్చుని సూప్ తాగుతున్నాడు. ఒక్కరు నోరెత్తితే ఒట్టు! అయిపోయాక చర్చలో ఒక లెక్చరర్ గారు లేచి, దర్శకుడు కాలాన్ని ఎంత సాహసంగా ముక్కలు చేశాడో పావుగంట చెప్పారు. నేను తల ఊపాను. రాత్రి రీళ్లు వెనక్కి చుడుతుంటే ప్రొజెక్టర్ కుర్రాడు డబ్బాల మీద నంబర్లు చూసి నా వైపు చూశాడు. ఆ సంగతి మేమిద్దరం ఇంకెవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లకు మీకు చెబుతున్నాను.

కాబట్టి ఇది గొప్ప సినిమాల లిస్టు కాదు. చూస్తూ చూస్తూ నటించడం మర్చిపోయిన సినిమాల సంగతి ఇది.

మొదట చెప్పాల్సింది 'బైసికిల్ థీవ్స్' (1948) గురించే. ఇటలీ సినిమా, దర్శకుడు విట్టోరియో డి సికా. యుద్ధం అయిపోయాక రోమ్‌లో పని దొరక్క తిరుగుతున్న ఆంటోనియోకి గోడల మీద పోస్టర్లు అంటించే ఉద్యోగం వస్తుంది. సైకిల్ ఉంటేనే ఉద్యోగం, ఆ సైకిలేమో తాకట్టులో ఉంది. భార్య మరియా విసవిసా వెళ్లి మంచం మీది దుప్పట్లు లాగేసి, మూట కట్టి, కుదువ కొట్టుకు తెస్తుంది. బేరం అవుతుంది, డబ్బులొస్తాయి. మామూలుగా అయితే సీను అక్కడితో అయిపోవాలి. కానీ గుమాస్తా ఆ మూట తీసుకుని లోపలికి నడుస్తాడు, అర పక్కనే ఉన్న మెట్లెక్కుతాడు, ఎక్కుతూనే ఉంటాడు. అప్పుడు కనిపిస్తాయి మనకు, పైకప్పు దాకా అరలు, ఆ అరల నిండా అలాంటి మూటలే. ఊరంతా దుప్పట్లు లేకుండా పడుకుంటోందన్నమాట. ఎవరూ ఆ మాట అనరు, వెనక ఏడుపు సంగీతం పెట్టి చెప్పించరు. గుమాస్తా మెట్లెక్కుతాడు, అంతే.

"ఏమీ జరగట్లేదు" అని మీకు అనిపించే చోట ఇలాంటిదేదో జరుగుతూ ఉంటుంది. మన సినిమాల్లో ముఖ్యమైనది వచ్చినప్పుడు కెమెరా దగ్గరికెళ్తుంది, డప్పు మోగుతుంది, హీరో ఆగి మనవైపు చూస్తాడు. మనకు అదే అలవాటు. అందులో తప్పేమీ లేదు, నేనూ ఆ డప్పుకి ఈలలు వేసిన వాణ్నే. ఈ సినిమాల్లో మాత్రం డప్పు ఉండదు, కాస్త మనమే కళ్లు తెరుచుకుని ఉండాలి. ఆ మూటల అరలు నేను మొదటిసారి చూడనే లేదు. సైకిల్ ఎప్పుడు పోతుందా అని టెన్షన్ పడుతూ కూర్చున్నాను.

అదే సినిమాలో ఆంటోనియో కొడుకు బ్రూనో ఉంటాడు. పెట్రోల్ బంకులో పనిచేసే పసివాడు. తాకట్టు నుంచి వచ్చిన సైకిల్‌ని పొద్దున్నే తుడుస్తూ పెడల్ దగ్గర సొట్ట కనిపెడతాడు. ఇది ముందే ఉందేమోరా అంటాడు తండ్రి. లేదు, వాళ్లే కొట్టారు, వాళ్లను అడగాల్సింది అంటాడు పిల్లాడు. ఇద్దరూ బయల్దేరుతుంటే మంచం మీద పడుకున్న చంటిపిల్ల మొహాన వెలుతురు పడకుండా వెనక్కి వెళ్లి కిటికీ తలుపు మూసి వస్తాడు. రెండు సెకన్ల పని అది. ఆ ఇంట్లో పెద్దవాడు ఎవరో అర్థమైపోయింది నాకు.

ఇందులో పెద్ద నటులెవరూ లేరు. ఆంటోనియోగా వేసిన లాంబెర్టో మజ్జొరానీ ఫ్యాక్టరీ కార్మికుడు. అమెరికన్ నిర్మాత సెల్జ్నిక్ డబ్బు పెడతానన్నాడట, హీరోగా కేరీ గ్రాంట్‌ని పెడితే. డి సికా ఒప్పుకోలేదు. కేరీ గ్రాంట్ సైకిల్ పోతే ఇంకోటి కొనుక్కుంటాడని ఎవరికి తెలియదు! 1950లో లండన్ వెళ్లిన సత్యజిత్ రాయ్ ఈ సినిమా చూసే, తనకీ ఇలా తీయడం సాధ్యమేనని నమ్మకం తెచ్చుకున్నాడు. 'పథేర్ పాంచాలీ' వెనక ఈ సైకిల్ ఉంది. రాయ్ సినిమాలు ఇందులో చేర్చట్లేదేమని అడగకండి, వాటి గురించి మొదలుపెడితే నేను ఆపను.

ఇరాన్ దగ్గరికొస్తే అందరూ 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' (1997) చెబుతారు. నాకూ ఇష్టమే, కన్నీళ్లు గ్యారంటీ. కానీ నా ఓటు అబ్బాస్ కియరోస్తమీ తీసిన 'వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్'కి (1987). కథ ఒక్క ముక్కలో అయిపోతుంది. అహ్మద్ అనే పిల్లాడు పొరపాటున పక్కవాడి నోట్‌బుక్ ఇంటికి తెచ్చేసుకుంటాడు. రేపు నోట్‌బుక్‌లో హోంవర్క్ లేకపోతే ఆ పిల్లాణ్ని బడి నుంచి పంపించేస్తానని మాస్టారు చెప్పాడు. అందుకని పక్క ఊళ్లో వాడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్తాడు. ఇల్లు ఎక్కడో తెలియదు.

ఇది ఎలా ఉంటుందంటే, పిల్లాడు వాళ్లమ్మకి విషయం చెబుతాడు. ఆవిడ బట్టలు ఆరేస్తూ ఉంటుంది. హోంవర్క్ చేసుకో అంటుంది. మళ్లీ చెబుతాడు. చంటిదాన్ని చూడు అంటుంది. మళ్లీ చెబుతాడు. హోంవర్క్ చేసుకో. ఆవిడ చెడ్డది కాదు, చేతినిండా పని, ఆ మాట చెవిన పడట్లేదు. ఈ సీను చూస్తూ నవ్వాను, కాసేపటికి నవ్వు ఆగిపోయింది. మా ఇంట్లోనూ అంతే. నేనూ అంతే, మా పిల్లలతో.

అందులో ఒక తాతగారున్నాడు. దగ్గర సిగరెట్లు ఉన్నా మనవణ్ని సిగరెట్లు తెమ్మని ఇంటికి పంపుతాడు, మాట వినడం నేర్పాలి కాబట్టి. చిన్నప్పుడు తన తండ్రి వారానికోసారి కాసు ఇచ్చేవాడని, రెండు వారాలకోసారి కొట్టేవాడని, కాసు సంగతి మర్చిపోయినా కొట్టడం మాత్రం మర్చిపోలేదని గర్వంగా చెబుతాడు. దండం దశగుణం భవేత్ అని ఇరాన్ పల్లెటూరి అరుగు మీద కూడా నమ్ముతారన్నమాట. పాకుతూ పోయే పాములాంటి దారిలో, గుట్ట మీదున్న ఒంటరి చెట్టు పక్క నుంచి, నోట్‌బుక్ చంకన పెట్టుకుని ఆ పిల్లాడు పరిగెత్తుతుంటాడు. ఎవరూ ఎవరినీ చంపరు, అయినా నాకు అరచేతులు చెమటలు పట్టాయి.

1990లో ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. ఈ సినిమాలో నటించిన పిల్లలు బతికున్నారో లేదో చూడ్డానికి కియరోస్తమీ కొడుకుని తీసుకుని కారులో వెళ్లాడు. ఆ ప్రయాణమే 1992లో ఇంకో సినిమా అయింది. అది రెండో విడతకి దాచుకోండి.

జపాన్ దర్శకుడు కురొసావా అంటే మీరు 'సెవెన్ సమురాయ్' అంటారు. చూడండి, మూడున్నర గంటలు గిర్రున తిరుగుతాయి, నా సిఫార్సు దానికి అక్కర్లేదు. నాకు దగ్గరైంది 'ఇకిరు' (1952). ముప్పై ఏళ్లు మునిసిపల్ ఆఫీసులో ఒక్క సెలవు పెట్టకుండా సంతకాలు చేసిన వటనాబే అనే అధికారికి క్యాన్సర్ అని తెలుస్తుంది. మురికిగుంట పూడ్చి పిల్లలు ఆడుకునే చోటు కట్టమని వచ్చిన ఆడవాళ్లను ఈ సెక్షన్ నుంచి ఆ సెక్షన్‌కి, ఆ సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కి తిప్పుతారు. నేను ముప్పై రెండేళ్లు గుమాస్తా ఉద్యోగం చేశాను. "ఇది మా సీటు కాదండీ" అన్న మాట ఎన్ని వందలసార్లు అన్నానో. ఆ సీనుకి హాల్లో అందరూ నవ్వుతుంటే నేను కుర్చీలో కిందికి జారాను. సగం దాటాక ఈ సినిమా మీరు ఊహించని మలుపు తీసుకుంటుంది, అది నేను చెప్పను. మంచులో ఊయల మాత్రం ఎప్పటికీ మర్చిపోరు.

ఆఫ్రికా నుంచి ఏం చూశావని నన్ను ఎవరైనా అడిగితే చాలాకాలం జవాబు ఉండేది కాదు. సెనెగల్‌కి చెందిన ఉస్మాన్ సెంబేన్ తీసిన 'బ్లాక్ గర్ల్' (1966) బాగా ఆలస్యంగా, రిటైర్ అవడానికి కొద్దిగా ముందు చూశాను. గంట సినిమా. డకార్‌లో రోడ్డు పక్కన గట్టు మీద పని కోసం ఆడవాళ్లు వరుసగా కూర్చుని ఉంటారు. ఫ్రెంచి దొరసాని వస్తే అందరూ లేచి ఎగబడతారు. ఒక్క దియువానా కదలదు. దొరసాని ఆమెనే ఎంచుకుంటుంది. పిల్లల్ని చూసుకునే పనే కదా అని మంచి గౌను, హీల్స్ వేసుకుని సంతోషంగా ఫ్రాన్స్ వెళ్తుంది. అక్కడ పిల్లలు లేరు. వంట, గిన్నెలు, తుడుపు. ఆమె చూసిన ఫ్రాన్స్ అంతా వంటగది, పడకగది, బాత్‌రూమ్. ఆ హీల్స్ విప్పెయ్, నువ్వు పనిమనిషివి అంటుంది దొరసాని.

ఇంటి నుంచి ఉత్తరం వస్తుంది. దియువానాకి చదవడం రాదు. దొర చదివి వినిపిస్తాడు, డబ్బు పంపట్లేదని తల్లి నిష్ఠూరాలు. సరే, నేనే జవాబు రాస్తాను అని కాగితం తీసి "ప్రియమైన అమ్మా" అని మొదలుపెట్టేస్తాడు. ఆమె నోరు తెరవలేదు. అడగనైనా అడగడు. మా అమ్మకి అసలు రాయడమే రాదు, ఇది నా ఉత్తరం కాదు అని ఆమె మనసులో అనుకోవడం మనకు వినిపిస్తుంది.

అక్కడ నేను సినిమా ఆపేశాను. మా వైపు నుంచి గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఎంతమందో మీకు తెలిసే ఉంటుంది. మా వీధి చివర ఒకావిడ కూతురు కువైట్ వెళ్లింది. ఆ తల్లి నా చేత ఉత్తరాలు రాయించుకునేది. వచ్చి అరుగు మీద కూర్చోగానే నేను ఎయిర్ మెయిల్ కాగితం తీసి, "ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నీవు క్షేమమని తలుస్తాము" అని రాసేసేవాణ్ని, ఆవిడ ఇంకా చెంగుతో మొహం తుడుచుకుంటూ ఉండగానే. చాలా సాయం చేస్తున్నాననుకునేవాణ్ని. ఆవిడ ఓసారి, "నేను చెప్పేది అది కాదు బాబూ" అంది. "ఉత్తరం అలాగే మొదలుపెట్టాలమ్మా" అన్నాను. ఆవిడ ఏం చెప్పాలనుకుందో ఇప్పటికీ నాకు తెలియదు. సెంబేన్ ఫ్రాన్స్‌లో మార్సెయ్ రేవులో కూలీగా చేసినవాడు. ఆ సినిమా తీసినవాడికి ఆ అరుగు మీద రెండు వైపులా ఏముంటుందో తెలుసు. మర్నాడు మిగతా సగం చూశాను. మన దగ్గర బి. నరసింగరావు 'దాసి' (1988) చూసి ఉంటే ఈ రెండూ అక్కాచెల్లెళ్లని మీకే అనిపిస్తుంది. చూడకపోతే ముందు అది చూడండి.

ఇక మీరు నిద్రపోయిన సినిమా దగ్గరికి వద్దాం. 2022లో సైట్ అండ్ సౌండ్ అనే బ్రిటిష్ సినిమా పత్రిక నిర్వహించిన విమర్శకుల ఓటింగులో 'జాన్ డీల్మన్' మొదటి స్థానంలో నిలిచిందని చూసి అదే పెట్టుకున్నానన్నారు. అయ్యో. ఈత రానివాణ్ని ఆగస్టు నెలలో గోదాట్లో దింపినట్టు. షాంతాల్ ఆకెర్‌మన్ అనే బెల్జియం అమ్మాయి పాతికేళ్ల వయసులో 1975లో తీసింది. 201 నిమిషాలు. ఒక వితంతువు మూడు రోజులపాటు వంట చేస్తుంది, గిన్నెలు కడుగుతుంది, పక్క సర్దుతుంది, కొడుక్కి అన్నం పెడుతుంది, మధ్యాహ్నం పూట ఒక మగవాడు వచ్చి డబ్బిచ్చి పోతాడు. కెమెరా కదలదు. నేను దీన్ని మొదటిసారి చూసినప్పుడు రెండు కునుకులు తీశాను, లేచి "అద్భుతం" అన్నాను. పైన చెప్పాను కదా, నటిస్తామని.

రెండోసారి మా ఆవిడ పక్కన కూర్చుంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "ఇందులో వింతేముంది, నేను రోజూ చేసేదే కదా, నన్నూ మూడు గంటలు చూడరాదూ" అంది. కానీ లేచి వెళ్లలేదు. రెండో రోజు సాయంత్రం సీన్లో చేతులు ఆపి, "ఈవిడకేదో అయింది" అంది. ఏమీ కాలేదే అన్నాను. "డబ్బులు దాచుకునే గిన్నెకు మూత పెట్టలేదు. నిన్న పెట్టింది." నేను చూడలేదు. ఇంకాసేపటికి ఆ తల్లి, ఉడికిపోయిన బంగాళాదుంపల గిన్నె పట్టుకుని ఎటు పోవాలో తోచక ఆ గదికీ ఈ గదికీ తిరుగుతుంది. మా ఆవిడ చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టేసింది. "అయిపోయింది ఈవిడ పని" అంది, ఏదో ఖూనీ సినిమా చూస్తున్నట్టు. బంగాళాదుంపలు ఎక్కువ ఉడకడం అంటే ఏమిటో ఆవిడకు తెలుసు, ఇన్నేళ్లు సినిమాలు చూసిన నాకు తెలియదు. చివరిదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ తర్వాత ఏ సినిమా పెట్టినా ఆవిడ పక్కన కూర్చుంటే బావుండుననిపిస్తుంది, ఆవిడకేమో సీరియల్ టైం అవుతుంది.

నా వల్ల కానివి కూడా చెప్పాలి కదా. రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ 'మిర్రర్' నాలుగుసార్లు మొదలుపెట్టాను, ఇంకా అద్దంలో నాకేమీ కనబడలేదు. గాలికి గడ్డి ఊగడం మాత్రం బావుంది. అమెరికన్ సినిమా 'సిటిజన్ కేన్' మీద గౌరవమే, ప్రేమ లేదు, పెద్దమనిషి ఇంటికెళ్లి మర్యాదగా కాఫీ తాగి వచ్చినట్టుంటుంది. ఫ్రెంచి దర్శకుడు గొడార్ మొదటి సినిమా దాటి నేను ముందుకు పోలేదు. వీటిని ప్రాణంగా చూసుకునే మిత్రులున్నారు, వాళ్లేమీ నటించట్లేదు. తైవాన్ నుంచి ఎడ్వర్డ్ యాంగ్ తీసిన 'యి యి' (2000) మాత్రం వదలొద్దు. పెళ్లితో మొదలై చావుతో ముగిసే మూడు గంటల ఇంటి కథ. అందులో చిన్న పిల్లాడు మనుషుల వీపుల్ని, తల వెనక భాగాల్ని ఫొటోలు తీస్తుంటాడు. ఎందుకురా అంటే, మీకు మీరు చూసుకోలేరు కదా, అందుకని అంటాడు.

చివరికి ఉంచింది 'టోక్యో స్టోరీ' (1953). దర్శకుడు యసుజిరో ఒజు. సొసైటీ రోజుల్లో మొదటిసారి చూసి సభ్యుల తిట్లు తిన్నాను, ఇదేం సినిమా తెప్పించావని. నాకూ లోపల అదే అభిప్రాయం. ఒనొమిచి అనే చిన్న ఊరి నుంచి ముసలి దంపతులు టోక్యోలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వెళ్తారు, వాళ్లకు తీరిక ఉండదు, తిరిగి వచ్చేస్తారు. అంతే కథ.

మా పిల్లలిద్దరూ స్థిరపడ్డాక, మేమిద్దరం మొదటిసారి అబ్బాయి దగ్గరికి డాలస్ వెళ్లి మూడు నెలలుండి వచ్చాక మళ్లీ చూశాను. మొదటి సీన్లోనే దొరికిపోయాను. ఇద్దరూ ప్రయాణానికి సామాను సర్దుకుంటుంటారు. గాలి దిండు కనబడట్లేదంటాడు ఆయన. మీకే ఇచ్చాను కదా అంటుంది ఆవిడ. నా దగ్గర లేదంటాడు. లేదు, మీకే ఇచ్చాను. కాసేపు వెతికి, ఆ, ఉందిలే అంటాడు, ఆయన దగ్గరే. విమానాశ్రయానికి బయల్దేరే ముందు మా ఇంట్లో పాస్‌పోర్టుల దగ్గర అక్షరాలా ఇదే జరిగింది.

ఒజు కెమెరాని చాప మీద కూర్చున్న మనిషి కళ్ల ఎత్తులో పెడతాడు. దాదాపు కదపడు. అందుకని ఆ ఇంట్లో మనమూ ఓ మూల చాప మీద కూర్చుని ఉన్నట్టుంటుంది. పెద్ద కొడుకు డాక్టరు, ఊరు చూపిద్దామని ఆదివారం బయల్దేరుతుంటే పేషెంట్ కోసం పిలుపొస్తుంది. కూతురికి బ్యూటీ పార్లర్. అల్లుడు అత్తమామలకని కేకులు తెస్తే, అంత ఖరీదైనవి ఎందుకు అంటుంది. చెడ్డ పిల్లలు కాదు వాళ్లు. బతుకు వేగం అలాంటిది. ఇద్దరూ తలా కొంత డబ్బు వేసుకుని తల్లిదండ్రుల్ని అతామీ అనే సముద్రపు ఊరికి విహారానికి పంపిస్తారు. ఖర్చు పెట్టారు కాబట్టి ప్రేమే అనుకోవాలి. రాత్రంతా అక్కడ కుర్రకారు గోల, పాటలు, నిద్ర ఉండదు. పొద్దున్నే ఇద్దరూ సముద్రం పక్క గట్టు మీద కూర్చుంటారు. ఇక ఇంటికి పోదామా అనుకుంటారు. లేవబోతూ ఆవిడ ఒక్క క్షణం తూలుతుంది. ఏమైంది అంటే, ఏం లేదు, నిద్రలేక అంటుంది. ఇదీ డప్పు లేని సీనే. మొదటిసారి చూసినప్పుడు ఆవిడ తూలడం నేను గమనించలేదు.

వాళ్లను మనస్ఫూర్తిగా చూసుకునేది ఒక్కతే, యుద్ధంలో పోయిన కొడుకు భార్య నొరికో. ఒంటిగది, చిన్న ఉద్యోగం. మామగారికి పోయడానికి పక్కింట్లో సాకే, అంటే బియ్యపు సారా, బదులు తెస్తుంది. సెత్సుకో హరా ఆ పాత్ర వేసింది, ఆ నవ్వు వెనక ఏముందో రెండు గంటలూ పట్టుకోలేం. డెబ్భై ఏళ్ల ముసలాయనగా వేసిన చిషు ర్యూకి అప్పుడు నలభై తొమ్మిది. నమ్మరు.

అంతా అయిపోయాక ఇంటి చిన్నమ్మాయి అన్నయ్యల మీద, అక్క మీద కోపంతో, బతుకంటే ఇంత నిరాశేనా అని వదినని అడుగుతుంది. అవును అంటుంది నొరికో, నవ్వుతూ. డైలాగు అంతే. నాకు మా అబ్బాయి గుర్తొచ్చాడు. మాకోసం ఆఫీసులో సెలవు దొరక్క, మమ్మల్ని ప్యాకేజీ టూరు బస్సెక్కించి, టాటా చెబుతూ ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆ బస్సులో మా ఆవిడ, "పాపం, వాడికి ఎంత పనో" అంది. సినిమాలో తల్లీ ఇంచుమించు అలాగే మాట్లాడుతుంది, మన పిల్లలు చాలామంది కంటే నయమే అని.

ఇక ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. ఫోన్లో చూడొద్దు, ఫోన్ పక్కన పెట్టుకునీ చూడొద్దు. యూట్యూబ్‌లో దొరికే మసక ప్రింట్లు వదిలేయండి. మేము గీతల వాన కురిసే ప్రింట్లు చూశామంటే గత్యంతరం లేక. ఇప్పుడు వీటిలో చాలావాటికి చక్కగా శుభ్రం చేసిన కాపీలు ఉన్నాయి. ముందు ఇరాన్ పిల్లాడి సినిమా చూడండి, గంటన్నర కూడా లేదు, నిద్ర రాదు. తర్వాతి ఆదివారం సైకిల్. నచ్చితే 'బ్లాక్ గర్ల్', 'ఇకిరు'. వారానికి ఒకటి మించొద్దు. 'జాన్ డీల్మన్' ఏడాది తర్వాత, వంట చేసే మనిషి పక్కన కూర్చుని.

'టోక్యో స్టోరీ' మాత్రం ఇప్పుడే వద్దు. మీ అమ్మానాన్నలు హైదరాబాద్‌లో మీ ఫ్లాట్‌కి వచ్చి, ఓ వారం ఉండి, "నీకెందుకులేరా ఇబ్బంది" అని అనుకున్న దానికంటే రెండు రోజులు ముందే రైలెక్కుతారు చూడండి. ఆ రాత్రి పెట్టుకోండి.